నాన్న చిట్టాలో ఎర్నీ ఎల్స్

"జూన్ 19, సోమవారం. వుడ్స్ మిగులు 12. ఎల్స్ లోటు 3. మిగతా అందరూ లోటే."

ఇది మా నాన్న చేతిరాత. రైస్ మిల్లులో ముప్ఫై ఏళ్ళకు పైగా గుమాస్తాగా చిట్టా, ఆవర్జా రాసిన చెయ్యి. అక్షరాలు కుడివైపుకు కొంచెం వాలి ఉంటాయి, అంకెలు మాత్రం నిటారుగా నిలబడతాయి. ఎర్ర అట్ట ఉన్న పొడుగాటి పుస్తకం, మిల్లులో వాడగా మిగిలితే ఇంటికి తెచ్చుకున్నది. ముందు పేజీల్లో పాలవాడి లెక్క, చాకలి పద్దు, అమ్మ మందుల ఖర్చు. వెనక నుంచి తిప్పితే 2000 సంవత్సరపు గోల్ఫ్.

నాన్న తన జీవితంలో గోల్ఫ్ మైదానం చూడలేదు. గోల్ఫ్ కర్ర పట్టుకోలేదు. మా తణుకులో ఆ రోజుల్లో ఆటంటే క్రికెట్టు, కబడ్డీ. గోల్ఫ్ అనేది పేపర్లో ఆటల పేజీ అడుగున ఎప్పుడైనా కనిపించే నాలుగు వాక్యాలు.

ఆ ఏడాది అమెరికా పీజీఏ టూర్, అంటే వృత్తి గోల్ఫర్ల ఏడాది పొడుగు పోటీల వరస, గురించి ప్రపంచమంతా రాసింది. టైగర్ వుడ్స్ 20 పోటీల్లో ఆడి 9 గెలిచాడు, అందులో మూడు వరుసగా మేజర్లు, అంటే ఏడాదికి నాలుగే ఉండే పెద్ద పోటీలు. అటువంటి సీజన్ మళ్ళీ చూస్తామా అని ఇప్పటికీ వాదించుకుంటారు. నాకు మాత్రం ఆ సీజన్ అంటే ఈ పుస్తకమే. కాలిఫోర్నియాలో నేను టీవీలో చూసి, ఫోను కార్డు వెనక గీకి, ఆ పొడుగాటి అంకెలన్నీ నొక్కి తెలుగులో చెప్పినది. తణుకులో నాన్న తెల్లవారుజామున విని రాసుకున్నది.

వైటూకే (2000 సంవత్సరపు కంప్యూటర్ తేదీల చిక్కు) పని మీద 1999లో సన్నీవేల్ చేరాను. నలుగురం ఒక అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్ళం. ఆదివారం మధ్యాహ్నం మిగతా ముగ్గురూ నిద్రపోతే నేను ఒక్కడినే టీవీ ముందు కూర్చునేవాణ్ణి. నిజం చెప్పాలంటే మొదట నన్ను కట్టిపడేసింది ఆట కాదు, ఆ పచ్చదనం. సన్నీవేల్‌లో ఎటు చూసినా కార్లు, ఆఫీసులు, పార్కింగ్ స్థలాలే. టీవీలో గోల్ఫ్ గ్రీన్, అంటే గుంట చుట్టూ నున్నగా కత్తిరించిన పచ్చిక, చూపించగానే నాకు మా ఊరి నారుమడి కళ్ళ ముందు కదిలేది.

జనవరి 9న హవాయిలోని కపలువాలో ఆ ఏడాది మొదటి పోటీ ముగిసింది. వుడ్స్, ఎర్నీ ఎల్స్ ఇద్దరూ ఆఖరి హోల్‌లో ఈగిల్ (ఆ హోల్‌కు పెట్టిన లెక్క కంటే రెండు దెబ్బలు తక్కువ) కొట్టి సమానంగా నిలిచారు. విజేతను తేల్చే ప్లేఆఫ్ మొదటి హోల్‌లో మళ్ళీ ఇద్దరిదీ బర్డీ (ఒక దెబ్బ తక్కువ). రెండో హోల్‌లో వుడ్స్ దాదాపు 40 అడుగుల దూరం నుంచి పట్ చేశాడు, అంటే బంతిని నేల మీద దొర్లించాడు. బంతి వాలు మీద వంపు తిరుగుతూ వెళ్ళి గుంటలో పడింది.

ఆ రాత్రి ఇంటికి ఫోను చేశాను. అమ్మతో మాటలకు లోటుండదు. నాన్నతో కుశల ప్రశ్నలు రెండు నిమిషాల్లో అయిపోయేవి. ఆ తర్వాత మిగిలేది మౌనం, ఆ మౌనానికి కూడా కార్డులో నిమిషాలు తరిగేవి. ఏదో ఒకటి చెప్పాలి కదా అని, అప్పుడే చూసిన ఆ పోటీ సంగతి చెప్పాను. నాన్న అంతా విని ఒక్క క్షణం ఆగారు.

"మరి ఓడినవాడి పేరేమిటి?"

"ఎర్నీ ఎల్స్ అని దక్షిణాఫ్రికా ఆటగాడు, నాన్నా."

"వాడూ సమానంగానే ఆడాడుగా."

ఎల్స్ ఖాతాలో అది మొదటి పద్దు.

తర్వాతి వారం నాన్నే అడిగారు, ఆ కర్రల ఆట ఏమయిందని. అక్కడి నుంచి నాకు అసలు పని మొదలైంది. గోల్ఫ్‌ను తెలుగులో చెప్పాలి. క్లబ్బు కర్ర అయింది, స్ట్రోక్ దెబ్బ అయింది. హోల్‌ను గోలీలాటలో గుంటలాంటిదేనని చెబితే వెంటనే అర్థమైంది. బంకర్ ఇసుక గుంట అన్నాను. అక్కడ చిక్కు వచ్చింది. "గుంటలో పడితే మంచిదా, చెడ్డదా?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్న. అప్పటినుంచి మా ఇద్దరికీ చిన్న గుంట, ఇసుక గుంట వేరయ్యాయి. బర్డీ అంటే పిట్ట, ఈగిల్ అంటే గద్ద అని చెబితే సంతోషించారు. ఒక దెబ్బ ఎక్కువైతే బోగీ అన్నాను, అక్కడ మాత్రం ఆగిపోయారు. "రైలు పెట్టెకూ దీనికీ ఏమిటి సంబంధం?" ఏ సంబంధమూ లేదన్నా ఒప్పుకోలేదు. వెనకబడ్డవాడు పెట్టె తగిలించుకున్నట్టు అని తనే ఒక సంబంధం కల్పించుకున్నారు.

పార్ అంటే ఏమిటో చెప్పడానికి నేను నానా తంటాలు పడుతుంటే నాన్న అడ్డుకున్నారు. "ఉండు. మైదానం మొత్తానికి 72 దెబ్బలు ఖర్చు పెట్టుకోవచ్చని ముందే మంజూరు చేశారు. వాడు 65తో సరిపెట్టుకుంటే 7 మిగులు. 75 అయితే 3 లోటు. అంతేనా?"

అంతే. ఇంతకంటే శుభ్రంగా ఎవరూ చెప్పగా నేను వినలేదు.

ఫిబ్రవరిలో కాలిఫోర్నియా తీరంలో పెబుల్ బీచ్ ప్రో-యామ్ అనే పోటీ సోమవారానికి సాగింది. ఏడు హోల్స్ మిగిలి ఉండగా వుడ్స్ ఏడు దెబ్బలు వెనకబడి ఉన్నాడు. 15వ హోల్‌లో 97 గజాల నుంచి కొట్టిన బంతి నేరుగా గుంటలోకి వెళ్ళింది. చివరికి రెండు దెబ్బల తేడాతో గెలిచాడు. 1999 ఆగస్టు నుంచి లెక్కిస్తే టూర్‌లో అది వరుసగా ఆరో గెలుపు. నాన్న పద్దు రాసుకుని, "లోటులో ఉన్న మిల్లును మార్చి నెలాఖరులో లాభంలోకి తెచ్చినట్టుంది" అన్నారు. ఆ మరుసటి పోటీలో ఫిల్ మికెల్సన్ ఆ వరుసకు తెర దించాడు.

ఏప్రిల్‌లో మాస్టర్స్, ఆ ఏడాది మొదటి మేజర్. విజయ్ సింగ్ గెలిచాడు. ఫిజీలో పుట్టిన భారత సంతతి మనిషి. ఒకప్పుడు బోర్నియో అడవుల మధ్య ఒక క్లబ్బులో పాఠాలు చెప్పుకుని బతికినవాడు. ఆ వారం అతని కొడుకు, చిన్న పిల్లవాడు, కాగితం మీద ఒక మాట రాసి సంచికి అతికించాడట: నాన్నా, నీ స్వింగ్‌ను నమ్ముకో అని. నాన్నకు ఈ సంగతి చెప్పినప్పుడు అవతలి నుంచి కాసేపు ఏమీ వినపడలేదు. లైను తెగిపోయిందేమోనని హలో హలో అన్నాను. "ఉన్నాను" అన్నారు. తర్వాత ఫిజీ గురించి మాట్లాడారు. చెరకు తోటల పనికి ఓడలెక్కి ఆ దీవులకు వెళ్ళినవాళ్ళలో మన తెలుగువాళ్ళూ ఉన్నారని, వాళ్ళ మనవలు అక్కడే ఉండిపోయారని. ఆ మాటల చివర అడిగారు, "రెండోవాడు ఎవరు?"

"ఎల్స్, నాన్నా. మూడు దెబ్బలు వెనక."

"మళ్ళీ వాడేనా!"

ఎల్స్ పాపం అనుకోవలసినవాడు కాదని, 1994లో, 1997లో యూఎస్ ఓపెన్ గెలిచాడని చెప్పి చూశాను. పొడుగ్గా, నింపాదిగా, ఒంట్లో ఎముకలే లేనట్టు కర్ర తిప్పుతాడని వర్ణించాను. నాన్న పట్టించుకోలేదు. ఆయన పుస్తకంలో వుడ్స్ పేరు ఎక్కడ ఉంటే అక్కడ పక్కనే ఎల్స్‌కు ఒక గడి గీసి ఉంది. ఎల్స్ ఆడని వారం ఆ గడి ఖాళీ.

ఆ వసంతంలోనే అమెరికా టెక్ షేర్ల సూచీ నాస్‌డాక్ కూలడం మొదలైంది. మార్చి 10న శిఖరం మీద ఉన్నది ఏప్రిల్ మధ్యకు వచ్చేసరికి జారిపోయింది. అప్పటికి నేను ఒక చిన్న డాట్‌కామ్ కంపెనీకి మారాను. కాఫీ యంత్రం పక్కన గుసగుసలు, ఖాళీ అవుతున్న కుర్చీలు. ఇవేవీ ఇంటికి చెప్పలేదు. నాన్న "ఉద్యోగం ఎలా ఉంది?" అనగానే "బాగుంది, ఈ వారం వుడ్స్ ఏం చేశాడో విన్నారా?" అని మాట మార్చేవాణ్ణి. ఆ ఆట నాకు గొప్ప చాటు అయింది.

మే నెలలో వుడ్స్ బంతి మార్చాడు. అంతవరకు పెద్ద ఆటగాళ్ళు వాడినవి ఎక్కువగా లోపల ద్రవం నిండిన గుండు చుట్టూ సన్నని రబ్బరు దారం గజాల కొద్దీ చుట్టి, పైన తొడుగు వేసినవి. వుడ్స్ గట్టి గుండు ఉన్న బంతికి మారాడు. గాలిలో అది అంతగా చెదరదు. ఆ ఏడాది ముగిసేలోగా మిగతావాళ్ళూ ఆ దారి పట్టారు, దారం చుట్టిన బంతి కాలం చెల్లింది. ఇది చెబుతుంటే నాన్న గొంతులో ఒక్కసారిగా హుషారు వచ్చింది. వాళ్ళ చిన్నతనంలో పాత సైకిలు ట్యూబును సన్నగా కత్తిరించి, గుడ్డ పేలికల ఉండ మీద చుట్టుకుంటూ పోయి బంతి చేసుకునేవారట. ఎంత బిగించి చుడితే అంత ఎగిరేదట. ఎవరు ఎలా చుట్టేవారో, కాలవలో పడితే ఎలా పాడయ్యేదో అన్నీ చెప్పారు. నాన్న తన బాల్యం గురించి నాతో అంతసేపు మాట్లాడటం అదే మొదలు.

జూన్‌లో యూఎస్ ఓపెన్ పెబుల్ బీచ్‌లోనే. నూరవ యూఎస్ ఓపెన్ అది. మా ఆఫీసులో ఒక పెద్దాయన, తెల్లజుట్టు ఇంజనీరు, నా పిచ్చి చూసి తన దగ్గరున్న బుధవారం టికెట్టు నాకు ఇచ్చేశారు. బుధవారం సాధన రోజు, అసలు పోటీ గురువారం మొదలవుతుంది. అయినా సరే, ఇంకా చీకటి ఉండగానే బయల్దేరాను. మాంటెరీ దగ్గరపడేసరికి ఆ తీరానికి జూన్‌లో మామూలే అయిన మంచు తెర రోడ్డు మీదికి వచ్చింది.

అంతకు ముందు ఏడాది విజేత పేన్ స్టువర్ట్. మోకాళ్ళ కింద బిగించిన పాతకాలపు లాగు, పొడుగు మేజోళ్ళు, బల్లపరుపు టోపీ వేసుకుని ఆడేవాడు. 1999 జూన్‌లో పైన్‌హర్స్ట్‌లో ఆఖరి హోల్‌లో దాదాపు 15 అడుగుల పట్ వేసి యూఎస్ ఓపెన్ గెలిచాడు. ఆ అక్టోబరు 25న అతను ఎక్కిన చిన్న విమానంలో గాలి ఒత్తిడి పోయింది. లోపల ఎవరికీ స్పృహ లేకుండానే అది గంటల తరబడి ఎగిరి, సౌత్ డకోటా పొలాల్లో కూలింది. విజేతగా ఈ ఏడాది పెబుల్ బీచ్‌లో అడుగు పెట్టవలసినవాడు లేడు.

ఆ బుధవారం ఉదయం 18వ హోల్ దగ్గర తోటి ఆటగాళ్ళు అతన్ని తలుచుకున్నారు. ఆ హోల్ పొడుగునా ఎడమవైపు సముద్రమే. 21 మంది ఆటగాళ్ళు సముద్రం వైపు తిరిగి వరసగా నిలబడ్డారు. సైనిక వందనంలో 21 తుపాకులు పేల్చినట్టు, ఒక్కసారిగా అందరూ బంతులు కొట్టారు. నేను చాలా వెనక, జనం భుజాల మధ్య నుంచి చూశాను. కర్రలు లేవడం కనిపించింది. కొట్టిన చప్పుడు ఒక్కటిగా కాదు, గుప్పెడు చింతగింజలు గచ్చు మీద జారవిడిచినట్టు వచ్చింది. బంతులు నీళ్ళలో ఎక్కడ పడ్డాయో చూడలేకపోయాను. చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక జనం కాసేపు అలాగే నిలబడిపోయారు. నా ముందున్నాయన టోపీ తీసి ఛాతీకి ఆనించుకున్నాడు.

వుడ్స్ ఆ వరసలో లేడు. విడిగా సాధన చేసుకున్నాడు. అందుకు అతన్ని తప్పు పట్టినవాళ్ళున్నారు. దుఃఖం ఎవరికి తోచినట్టు వాళ్ళు పడతారని నాకు అనిపిస్తుంది, అప్పుడూ అనిపించింది.

తర్వాత మైదానమంతా తిరిగాను. తాడు పక్కన వంగి ఆ గడ్డిని చేత్తో పట్టుకుని చూశాను. టీవీలో మెత్తగా పరుపులా కనిపించేది దగ్గర నుంచి చూస్తే ముతక దుబ్బు, తడి, వేళ్ళ మధ్య దూరి మెలిపెట్టుకుంటుంది. బూటు పెడితే చీలమండ దాకా మునిగింది. ఆ గడ్డిలోంచి బంతిని బయటికి తీయడమే గగనం. దాన్ని గ్రీన్ మీద నిలబెడతారంటే నమ్మలేకపోయాను. ఒక పరక తెంపి పర్సులో పెట్టుకున్నాను, రెండు రోజులకే ఎండి పొడి అయిపోయింది.

ఆ రాత్రి ఆదివారం దాకా ఆగలేక ఫోను చేశాను. సముద్రంలోకి బంతులు కొట్టిన సంగతి చెబితే నాన్న వెంటనే అన్నారు.

"తర్పణం వదిలారన్నమాట."

నేను గంటసేపు అక్కడ నిలబడి చూసినా నాకు ఆ మాట తట్టలేదు. నాన్న మా తాతయ్యకు గోదావరి పుష్కరాల్లో తర్పణం వదలడం చూశాను, దోసిట్లోంచి నీళ్ళు బొటనవేలి పక్కగా జారి నదిలో పడటం చూశాను. ఆ ఇరవై ఒక్క మందీ చేసింది అదే.

పోటీ నాలుగు రోజులూ ఊపిరి బిగబట్టే చూశాను, గెలుపు మీద అనుమానం ఉండి కాదు. వుడ్స్ 65, 69, 71, 67. ఆ మైదానానికి పార్ 71. మొత్తం 12 మిగులు. రెండో స్థానంలో ఎల్స్, మిగెల్ ఏంజెల్ హిమెనెజ్, ఇద్దరూ 3 లోటు. మధ్యలో 15 దెబ్బల తేడా. ఆ మైదానంలో నాలుగు రోజులు ఆడి మిగులుతో బయటపడ్డవాడు ఒక్కడంటే ఒక్కడే. 72 హోల్స్‌లో ఒక్కచోట కూడా మూడు పట్లు వేయలేదు. మూడో రోజు మూడో హోల్‌లో ఆ దుబ్బు గడ్డిలోనే చిక్కుకుని మూడు దెబ్బలు అదనంగా పోగొట్టుకున్నాడు, అయినా ఆ రోజు 71తోనే ముగించాడు.

తర్వాత బయటికి వచ్చిన ఒక సంగతి నాన్నకు అన్నింటికంటే నచ్చింది. మంచు వల్ల ఆలస్యమై, చీకటి పడి ఆగిపోయిన రెండో రౌండును శనివారం పొద్దున పూర్తి చేశారు. 18వ హోల్‌లో వుడ్స్ కొట్టిన బంతి సముద్రంలో పడింది. అప్పుడు కర్రల సంచి మోసే కేడీ స్టీవ్ విలియమ్స్ చూసుకుంటే సంచిలో మిగిలింది ఒకే ఒక్క బంతి. రాత్రి వుడ్స్ గదిలో పట్టింగ్ సాధన చేసి బంతులు అక్కడే వదిలేశాడు. ఆ ఒక్కటీ నీళ్ళపాలైతే ఏమయ్యేదో! కేడీ ఆ మాట అతనికి చెప్పకుండా గుండె చిక్కబట్టుకుని నిలబడ్డాడు. నాన్న ఆ కథ నాతో మూడుసార్లు చెప్పించుకున్నారు. పుస్తకంలో ఆ పద్దు పక్కన "సరుకు నిల్వ: 1" అని ఉంది.

జులైలో బ్రిటిష్ ఓపెన్, స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్‌లో. అక్కడ సాయంత్రమయ్యేసరికి నాకు పొద్దున పదిన్నర, నాన్నకు రాత్రి పదకొండు. తొమ్మిదింటికే పడుకునే మనిషి ఆ ఆదివారం మేలుకుని కూర్చున్నారని అమ్మ చెప్పింది. ఆ మైదానంలో 112 ఇసుక గుంటలు. నాలుగు రోజుల్లో వుడ్స్ ఒక్కదానిలోనూ పడలేదు. అతనితో కలిసి ఆడుతున్న డేవిడ్ డువాల్ ఆఖరి రోజు 17వ హోల్ దగ్గర బంకర్‌లో దిగి, బయటపడటానికి నాలుగు దెబ్బలు కొట్టాడు. బంతి గోడకు తగిలి మళ్ళీ కాళ్ళ దగ్గరికే దొర్లుకు వస్తుంటే చూడటం కష్టమైంది. వుడ్స్‌కు 19 మిగులు. నాలుగు మేజర్లూ గెలిచినవాళ్ళలో అందరికంటే చిన్నవాడయ్యాడు, 24 ఏళ్ళకే.

ఎనిమిది దెబ్బలు వెనక, రెండో స్థానంలో ఇద్దరు. ఒకరు థామస్ బ్యోర్న్.

"ఇంకొకడు ఎవరో చెప్పక్కర్లేదు" అన్నారు నాన్న.

ఒకే ఏడాది మొదటి మూడు మేజర్లలోనూ రెండో స్థానం. ఆ రాత్రి నాన్న పద్దులో అంకెలు లేవు. ఎల్స్ గడిలో ఒక అడ్డగీత మాత్రం ఉంది.

ఆగస్టు మొదటి వారంలో కొలరాడోలో ఇంటర్నేషనల్ అనే పోటీ జరిగింది. దాని లెక్క వేరు. అందులో దెబ్బలు లెక్కించరు, పాయింట్లు వేస్తారు. పిట్టకు 2, గద్దకు 5, బోగీకి ఒకటి కోత. ఎక్కువ వచ్చినవాడిదే గెలుపు. ఇది నాన్నకు చెప్పడానికి సగం కార్డు ఖర్చయింది. ఇన్నాళ్ళూ తక్కువ ఖర్చు పెట్టినవాడు గెలిచాడు, ఈ వారం ఎక్కువ సంపాదించినవాడు గెలుస్తాడు అన్నమాట, అని చివరికి తేల్చుకున్నారు. ఆ తిరగేసిన లెక్కలో, మికెల్సన్‌ను వెనక్కి నెట్టి ఎల్స్ గెలిచాడు.

ఫోనులో నాన్న నవ్వు వినిపించింది. అమ్మను పిలిచి మరీ చెప్పారు, ఎవరో మేనల్లుడు పరీక్ష పాసైనట్టు. ఆ పేజీలో గళ్ళు కొట్టేసి కొత్తగా గీశారు. జమ ఎడమకు, ఖర్చు కుడికి.

అప్పటికి నా కంపెనీ మూతపడి వారం దాటింది. జులై ఆఖరున అందరినీ ఒక గదిలోకి పిలిచి, మధ్యాహ్నంలోగా బల్లలు ఖాళీ చేయమన్నారు. వీసా సంగతి, అద్దె సంగతి, ఊళ్ళో చెల్లి పెళ్ళికి పంపుతానన్న డబ్బు సంగతి, అన్నీ ఒకేసారి మీద పడ్డాయి. రోజంతా రెజ్యూమేలు పంపడం, ఆదివారం గోల్ఫ్ చూడటం. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఆగస్టు 20న కెంటకీలో ఆ ఏడాది నాలుగో మేజర్, పీజీఏ ఛాంపియన్‌షిప్ ఆఖరి రోజు. ఆ మైదానం పేరు వల్హల్లా, ఉత్తర యూరప్ పురాణాల్లో వీరస్వర్గం. అందరూ ఎల్స్, మికెల్సన్ అనుకుంటుంటే వుడ్స్‌కు ఎదురు నిలిచింది బాబ్ మే. పీజీఏ టూర్‌లో ఒక్క గెలుపూ లేనివాడు. దక్షిణ కాలిఫోర్నియాలో చిన్నప్పుడు బాబ్ మే పెట్టిన జూనియర్ రికార్డులనే వుడ్స్ వెంటాడుతూ పెరిగాడు. ఆ రోజు చివరి తొమ్మిది హోల్స్‌లో ఇద్దరూ 31 చొప్పున కొట్టారు. 18వ హోల్‌లో మే సుమారు 15 అడుగుల పట్ వేశాడు, కేకలు. వుడ్స్‌కు ఆరడుగుల పట్ మిగిలింది. అది తప్పితే ఓటమి. వేశాడు. చెరి 18 మిగులు. మూడు హోల్స్ ప్లేఆఫ్‌లో మొదటి హోల్‌లో వుడ్స్ పట్ కొట్టి, బంతి ఇంకా దొర్లుతుండగానే దాని వెంట నడుస్తూ, వేలు చూపిస్తూ గుంటలోకి తోలాడు. ఒక్క దెబ్బ తేడాతో గెలిచాడు.

ఆ సాయంత్రం ఫోనులో ఇదంతా నేను ఉత్సాహంగానే చెప్పాననుకున్నాను. నాన్న ఆ రోజు తొందరపడలేదు. ప్రతి హోల్ అడిగారు. "తర్వాత?" "బంతి ఎక్కడ పడింది?" "వాడి ముఖం ఎలా ఉంది?" కార్డు అయిపోతోందని రికార్డు గొంతు హెచ్చరించే దాకా వదల్లేదు. తర్వాతి వారమూ అంతే. అక్రన్‌లో వుడ్స్ 11 దెబ్బల తేడాతో గెలిచాడు. ఆఖరి హోల్ దాదాపు చీకట్లో ఆడారు. 168 గజాల నుంచి కొట్టిన బంతి గుంటకు రెండడుగుల్లో ఆగింది. "చీకట్లో వాడికి కనిపించిందా?" అని నాన్న అడిగారు. జనం అరుపును బట్టి తెలిసి ఉంటుంది అన్నాను. "అవును, జనం ఉన్నారుగా" అన్నారు.

నాన్న 2008లో పోయారు. ఆ తర్వాతే ఈ పుస్తకం నా చేతికి వచ్చింది. ఆగస్టు 21 నాటి పద్దు ఇలా ఉంది: "వుడ్స్, మే చెరి 18 మిగులు. అదనంగా మూడు గుంటలు. వుడ్స్ ఒక దెబ్బ తేడాలో గెలుపు. అబ్బాయి గొంతు బాగాలేదు. ఉద్యోగం పోయిందేమో. అడగలేదు."

దాని కింద, ఆ నెల ఇంటి ఖర్చుల్లో, పేపరు మాన్పించినట్టు ఒక పద్దు ఉంది. ఆ సెప్టెంబరులో చెల్లి పెళ్ళి సామాను కొనడానికి డబ్బు తొందరేమీ లేదని అమ్మ చేత ఫోనులో చెప్పించింది కూడా నాకు అప్పుడు గుర్తుకు వచ్చింది.

సెప్టెంబరు 10న కెనడియన్ ఓపెన్‌లో 18వ హోల్‌లో ఇసుక గుంటలోంచి, నీటి మీదుగా, 218 గజాల దూరం సిక్స్ ఐరన్ అనే కర్రతో కొట్టి, గ్రాంట్ వెయిట్‌ను ఒక్క దెబ్బతో దాటాడు వుడ్స్. అది ఆ ఏడాదికి తొమ్మిదో గెలుపు. అక్టోబరులో నాకు మరో ఉద్యోగం దొరికింది. ఆ సంగతి చెబితే నాన్న "మంచిది" అన్నారు, అంతే. ఏడాది చివర వుడ్స్ సంపాదన 91,88,321 డాలర్లని చెబితే రూపాయల్లోకి మార్చి సుమారు 42 కోట్లని రాసుకున్నారు. పక్కనే ఎల్స్ గడిలో: "రెండో స్థానం 5 మార్లు." కపలువా, మాస్టర్స్, మే నెలలో మెమోరియల్ అనే పోటీ, పెబుల్ బీచ్, సెయింట్ ఆండ్రూస్.

2001లో కూడా పద్దులున్నాయి, పల్చబడుతూ. నేను ఇంట్లో ఇంటర్నెట్టు ఫోను పెట్టించాక కార్డులు పోయాయి, నిమిషాల లెక్క పోయింది, మాటలు వేరే వాటి మీదికి మళ్ళాయి. 2023 సెప్టెంబరులో నాపాలో సాహిత్ తీగల తొలి పీజీఏ టూర్ టైటిల్ గెలిచినప్పుడు, ఆ తెలుగు పేరు బోర్డు మీద అందరికంటే పైన కనిపించినప్పుడు, నా చెయ్యి దానంతటదే ఫోను మీదికి వెళ్ళింది. నాన్న ఉంటే కొత్త ఖాతా తెరిచేవారు.

పుస్తకంలో గోల్ఫ్‌కు సంబంధించిన చివరి పద్దు 2002 జులై నాటిది. మ్యూర్‌ఫీల్డ్‌లో బ్రిటిష్ ఓపెన్. శనివారం గాలివానలో వుడ్స్ 81 కొట్టి కొట్టుకుపోయాడు. ఆదివారం నలుగురు సమానమయ్యారు. నాలుగు హోల్స్ ప్లేఆఫ్ తర్వాత కూడా ఇద్దరు మిగిలారు, థామస్ లెవే, ఎర్నీ ఎల్స్. ఆఖరి హోల్‌లో ఎల్స్ బంతి ఇసుక గుంటలో పడింది. ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి నిలబడి దాన్ని గుంట దగ్గరికి తీశాడు, పట్ వేశాడు, గెలిచాడు.

మా ఊళ్ళో అప్పటికి అర్ధరాత్రి దాటింది. ఫోను మొదటి రింగుకే నాన్న ఎత్తారు.

"చెప్పు" అన్నారు.

చెప్పాను.

ఆ పద్దు వేరే సిరాతో ఉంది, నీలం. చీకట్లో దొరికిన పెన్ను తీసుకున్నట్టున్నారు. ఎల్స్ గడి కింద స్కేలు పెట్టి రెండు గీతలు గీశారు. మిల్లులో పాత బాకీ పూర్తిగా తీరినప్పుడు రాసేదే ఇక్కడా రాశారు: "చెల్లు."